సూరత్ బట్ట ఇటు, నేతగాడు అటు

న్యూఢిల్లీ: “మీరు ఊరు విడిచి ఎందుకు వచ్చారు?” అనే ప్రశ్న మన జనగణనలో మొదటిసారి చోటు చేసుకున్నది 1981లో. అంతకు పూర్వం ఎక్కడ పుట్టారు, ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారు అని అడిగి ఊరుకునేవారు. 2001 నాటికి ఆ ప్రశ్నకు ఏడు జవాబులు ముందుగానే అచ్చు వేయించారు. పని లేక ఉద్యోగం, వ్యాపారం, చదువు, వివాహం, పుట్టిన తరువాత తరలడం, కుటుంబంతో పాటు తరలడం, ఇతర కారణాలు. 2011లోనూ అవే. గణకుడు ఆ ఏడింటిలో ఒక అంకె వేసుకుని పక్క ఇంటికి సాగిపోతాడు.

పార్లమెంటులో వలసల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మంత్రిత్వ శాఖలకు ఆధారం ఆ అంకెలే. 2011 లెక్క ప్రకారం దేశంలో వలస వచ్చినవారు 45 కోట్లకు పైబడి ఉన్నారు. వారిలో సగానికి కొంచెం తక్కువగా వివాహం వల్ల తరలినవారు. పని కోసం వచ్చామని చెప్పినవారు సుమారు పదవ వంతు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. ఈ నడుమ ప్రభుత్వమే మరొక మార్గాన లెక్క కట్టవలసి వచ్చింది. రైలు టిక్కెట్ల వివరాలను పట్టుకుని 2016–17 ఆర్థిక సర్వే, 2011–16 మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది పనికోసం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్ళారని తేల్చింది. జనగణన చెప్పినదానికంటె ఇది చాలా ఎక్కువ. మనుషులు కదిలినంత వేగంగా మన రికార్డులు కదలడం లేదన్నమాట.

సంఖ్య సంగతి అట్లా ఉంచి, కారణం సంగతి చూద్దాం. ఈ విలేఖరికి ఆ ఏడు జవాబుల మీద అనుమానం కలిగినది ఢిల్లీలో కాదు, సూరత్‌లోని ఖటోదరాలో.

సూరత్ నగరంలో ఉధనా దర్వాజా దాటి ఉధనా వైపు సాగే దారిలో ఉంటుంది ఖటోదరా. ఒకప్పుడు ఊరి వెలుపలి గ్రామం. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ అక్కడ ఎస్టేటు నెలకొల్పగా మరమగ్గాల షెడ్లు బారులు తీరాయి. ఇప్పుడు నగరం దానిని మింగి చాలా దూరం ముందుకు పోయింది. పాండేసరా, సచిన్ ఎస్టేట్లతో పోలిస్తే ఖటోదరా చిన్నది, పాతది. ఇరుకు సందులు, తలుపు తెరచి ఉన్న ప్రతి షెడ్డు నుండి ఒకటే హోరు. పక్కనున్న మనిషి చెవిలో అరిస్తే తప్ప మాట వినపడదు. అక్కడి నుండి లింబాయత్ వరకు వెళితే, దుకాణాల బోర్డుల మీద గుజరాతీ, మరాఠీ, హిందీ అక్షరాల నడుమ తెలుగు అక్షరాలు పలుకరిస్తాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. మన సరిహద్దును ఆనుకొని లేని ఒక రాష్ట్రంలో ఒక పురపాలక సంస్థ తెలుగు బడి పెట్టిందంటే అక్కడ మనవారు ఏ పదుల్లోనో వందల్లోనో లేరని చెప్పనక్కరలేదు.

వీరిలో అత్యధికులు తెలంగాణ జిల్లాల పద్మశాలీలు. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ సీమల నుండి నేతగాండ్రు దేశాంతరం పోవడం కొత్త విషయం కాదు. నిజాం కాలంలోనే షోలాపూర్ మిల్లులకు, బొంబాయి మిల్లులకు, పిమ్మట భివండి మరమగ్గాలకు దారి పడింది. సూరత్ ఆ దారిలో చివరి మజిలీ. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మిల్లులనే కూలదోసింది. అక్కడి ఉత్పత్తి భివండికి, సూరత్‌కు తరలిపోయింది. 1985లో కేంద్రం ప్రకటించిన జౌళి విధానం నూలుకూ, కృత్రిమ దారానికీ మధ్య పాటించుతూ వచ్చిన తేడాను సడలించడంతో సూరత్‌కు పట్టపగ్గాలు లేకపోయాయి. 1971లో అయిదు లక్షలకు లోపున్న నగర జనాభా 1991కి సుమారు పదిహేను లక్షలయింది. 2011కి నలభై నాలుగు లక్షలు దాటింది. ఇంతమంది అక్కడ పుట్టినవారు కారు.

ఎన్నికల పని మీద గుజరాత్ వెళ్ళినప్పుడు వీలు చిక్కించుకుని ఖటోదరాలో ఒక షెడ్డు వద్ద ఆగాను. షిఫ్టు మారే వేళ. బయట టీ దుకాణం వద్ద అరవై ఏళ్ళు దాటిన ఒక పెద్దమనిషి తెలుగు పత్రిక కోసం ఎదురు చూస్తున్నాడు. పరకాల దగ్గరి పల్లె. అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను, ఊళ్ళో గడవక వచ్చారా అని. ఆయనకు ఆ మాట నచ్చినట్లు లేదు.

“తిండి లేక రాలేదు సారూ. మా నాయినకు రెండు మగ్గాలుండె. నేసిన చీరలు అమ్ముడు పోకపోతుండె. అంగడికి పోతే, సూరత్ చీర వచ్చింది, అది సవక, ఉతికితె ముడత పడది, గదే అడుగుతున్నరు అనేటోళ్ళు. ఆ సూరత్ ఏందో చూద్దామని మా బావతోటి రైలెక్కిన.”

ఈ మాటను ఏడు గడులలో ఏ గడిలో వేయాలి? గణకుడైతే నిస్సందేహంగా “పని” అని వేస్తాడు. అది అబద్ధం కాదు. కాని ఈ మనిషికి ఊళ్ళో పని ఉన్నది. అతని వంశానికి వందల ఏళ్ళుగా ఉన్నదే ఆ పని. పని పోలేదు, పనికి దొరికే వెల పోయింది. ఆ వెలను పోగొట్టినది ఎక్కడో ఉన్న మరొక ఊరు. అతడు బయలుదేరి సరిగ్గా ఆ ఊరికే వెళ్ళాడు, తన మగ్గాన్ని ఓడించిన మగ్గం మీదనే కూలికి కుదిరాడు. వలసలను గురించి ఈ దేశంలో సాగే చర్చలో ఈ ఒక్క సంగతి దాదాపు ఎన్నడూ వినపడదు. కరువు తరిమింది, పట్టణం పిలిచింది అనే రెండు మాటలతో ముగిస్తారు. తరిమినదీ పిలిచినదీ ఒకే చేయి కావచ్చునని అనుకోరు.

వలసలకు సూత్రాలు చెప్పిన మొదటివాడుగా పేరు పొందిన రావెన్‌స్టైన్ 1885లో లండన్‌లో తన ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. ఆయన జర్మనీలో పుట్టి ఇంగ్లండుకు వలస వచ్చినవాడే. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారని, వాణిజ్య పరిశ్రమలు పెరిగిన చోటికి పోతారని ఆయన అన్నాడు. ఆ తరువాత 1966లో అమెరికాలో ఎవరెట్ లీ ఇదే విషయాన్ని నెట్టే కారణాలు, లాగే కారణాలు, నడుమ అడ్డంకులు అని విభజించాడు. విశ్వవిద్యాలయాలలో నేటికీ ఇదే పాఠం. పాఠం తప్పు కాదు. అయితే అందులో పుట్టిన ఊరు, పోయే ఊరు వేర్వేరు ద్వీపాలుగా ఉంటాయి. వరంగల్లు, సూరత్ అట్లా లేవు. వాటి మధ్య బట్టల మూటలు తిరుగుతున్నాయి. మనిషి కంటె ముందు మూట ప్రయాణం చేసింది.

పోచంపల్లి సంగతి పాఠకులకు తెలిసినదే. పడుగు దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, మళ్ళీ విప్పి, మగ్గం మీద అమర్చి నేస్తే గాని రాని ఆ డిజైనును సూరత్‌లో పాలియెస్టరు మీద గంటలలో అచ్చు గుద్దుతారు. పోచంపల్లి ఇకత్ మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి వస్తువులలో ఒకటి. చట్టం దృష్టిలో ఆ పేరు భద్రంగా ఉన్నది. అంగడిలో మాత్రం అచ్చు చీర ధర ముందు అది నిలవలేదు. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ల చట్టం గతి కూడా అంతే. మొదట 22 రకాల బట్టలు చేనేతకు మాత్రమే ప్రత్యేకించారు. మరమగ్గాలవారు కోర్టులకు ఎక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1996లో ప్రభుత్వం ఆ జాబితాను 11కు కుదించింది. కోర్టులో గెలిచిన చేనేతను సెక్రటేరియట్‌లో ఓడించారని ఆనాడు అనుకున్నవారు లేకపోలేదు. 1987–88లో జరిగిన మొదటి చేనేత గణనలో నేతగాండ్రు, అనుబంధ వృత్తులవారు కలిపి 67 లక్షల పైచిలుకు. 2019–20లో జరిగిన నాలుగవ గణన నాటికి 35 లక్షలు. మిగిలిన 32 లక్షల మందిలో కాలధర్మం చెందినవారు పోను తక్కినవారు ఏమయ్యారని ఏ సభ్యుడైనా అడిగితే జవాబు చెప్పవలసిన శాఖ ఏదో తేల్చడానికే ఒక సమావేశం పట్టవచ్చు. జౌళి శాఖకు వారు నేతగాండ్రు కారు. కార్మిక శాఖకు వారింకా కార్మికులు కారు.

అందరూ ఎందుకు పోలేదు అన్నది మరొక ప్రశ్న. పరకాల సీమలో నేతగాండ్ల కంటె పేదవారు, భూమి లేని కూలీలు ఎందరో ఉన్నారు. వారు ఖటోదరాకు రాలేదు. పాలమూరు కూలీని చూడండి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, గుంపుగా, ఏ ఆనకట్ట కడుతుంటే అక్కడికి పోతాడు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇదే గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పోతారు. పడవల మీద కొన్ని నెలలు వేటాడి వేసవి వేట నిషేధానికి ఇంటికి తిరిగి వస్తారు. 2018 నవంబరులో అట్లా వెళ్ళినవారే పాకిస్తాన్ నావికుల చేతికి చిక్కి, 2020 జనవరి వరకు కరాచీ చెరలో ఉన్నారు. వీరికి సముద్రం తెలుసు కనుక సముద్రానికి పోయారు, వారికి మట్టి తెలుసు కనుక మట్టికి పోయారు. నేతగాడికి పడుగు, పేక తెలుసు. తెగిన పోగును కంటితో పట్టి, క్షణంలో ముడివేసే నేర్పు అతని చేతిలో ఉన్నది. ఆకలి ఒక్కటే మనిషిని వెయ్యి కిలోమీటర్లు పంపదు. చేతిలో ఏదో ఒక విద్య, అక్కడ తలుపు తీసేందుకు ఒక బంధువు ఉండాలి. దిక్కులేని పేద ఊరు దాటలేడు, దాటినా పక్క పట్టణం దాకానే.

రైలు సంగతి కూడా చెప్పాలి. మద్రాసు నుండి అహమ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్లుల మీదుగా వెళ్ళి, భుసావల్, జలగావ్ దాటి సూరత్‌లో ఆగుతుంది. బండి మారనక్కరలేదు. ఏ ప్రణాళికా సంఘం ఊహించి ఉండదు గాని, ఒక జిల్లా నేతపనిని ఇంకొక రాష్ట్రానికి చేరవేయడంలో ఆ బండి చేసిన పని ఏ అభివృద్ధి పథకానికీ తక్కువ కాదు. పేరు పెట్టినవాడు ఎవరో సార్థకంగానే పెట్టాడు!

సూరత్ యజమానుల వైపు నుండి చూస్తే మరొక కారణం కనిపిస్తుంది. డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960 దశాబ్ది తొలినాళ్ళ నుండి దక్షిణ గుజరాత్ కూలీల మధ్య తిరిగి అనేక గ్రంథాలు రాశాడు. ఆయన గమనించినది ఇది: బార్డోలీ పరిసరాలలో భూమి లేని హళపతులు పనిలేక కూర్చుని ఉంటే, చెరకు నరకడానికి ఖాందేశ్ నుండి వేలమందిని దించుతారు. స్థానికుడికి ఊరిలో చుట్టాలున్నారు, పండుగలున్నాయి, అలిగితే ఇంటికి పోతాడు. దూరదేశం నుండి వచ్చినవాడికి పని తప్ప మరొక ఆధారం లేదు, రాత్రి అన్నా పగలన్నా వస్తాడు. మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు. వారానికొకసారి పగటి వంతు రాత్రికి మారుతుంది. కూలి మీటరు లెక్కన. కరెంటు పోతే, దారం రాకపోతే ఆ గంటలకు కూలి లేదు. ఈ షరతులకు ఒప్పుకునే మనిషి కావాలి. గంజాం జిల్లా నుండి వచ్చిన ఒరియా యువకులు ఒక్కొక్క గదిలో పదుల సంఖ్యలో ఉంటూ, పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకునే “మెస్సు”లు సూరత్‌లో ప్రసిద్ధం. మన తెలుగువారు వారికంటె ముందు వచ్చినవారు, ఎక్కువగా కుటుంబాలతో ఉన్నవారు. అదొక ఊరట. మరొక విధంగా అదే బంధనం.

ఇక్కడ స్త్రీల మాట. జనగణనలో నేతగాని భార్య “కుటుంబంతో తరలినవారు” గడిలో పడుతుంది. ఊళ్ళో ఆమె కండెలు చుట్టేది, ఆసు పోసేది. ఆ పని లేకుండా మగ్గం నడిచేదే కాదు. సూరత్‌లో ఆమె చీరలకు రాళ్ళు అతికిస్తుంది, వేలాడే దారాలు కత్తిరిస్తుంది, మడతలు పెడుతుంది. చీరకు ఇంత అని ఇంటి గుమ్మంలోనే కూలి. ఆమె పనికోసం వలస వచ్చినట్లు ప్రభుత్వం దృష్టిలో ఎక్కడా లేదు. రెండు చోట్లా పని చేసి, రెండు చోట్లా లెక్కకు రాకపోవడం ఆమె వంతు.

ఊరు విడవడానికి కారణాలు ఒక ఎత్తు, విడిచినచోట నిలిచిపోవడానికి కారణాలు మరొక ఎత్తు. రెండవవాటిని పట్టించుకున్నవారు తక్కువ. సూరత్ నుండి జనం మూడుసార్లు పారిపోవలసి వచ్చింది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కిన కొద్దిరోజులలో లక్షల మంది దొరికిన బండి ఎక్కి పోయారు. 2006 ఆగస్టులో ఉకాయీ జలాశయం నుండి వదిలిన నీరు నగరాన్ని ముంచింది. 2020 మార్చిలో దేశమంతా తాళం పడింది. మూడుసార్లూ వారు తిరిగి వచ్చారు. ప్లేగు తరువాత కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ నగరాన్ని ఊడ్పించి, కడిగించి దేశానికే ఆదర్శంగా చూపిన సంగతి పాతతరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఊడ్చినచోటికి మొదట తిరిగి వచ్చినవారు కూలీలే.

2020 వేసవిని గురించి పార్లమెంటులో జరిగినది ఇప్పటికీ తలచుకుంటే బాధ కలుగుతుంది. ఆ ఏడు ఏప్రిల్‌లోనూ మే నెలలోనూ ఇంటికి పంపమని సూరత్ కూలీలు వీధిలోకి వచ్చారు, పోలీసులతో తలపడ్డారు. కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు మే 1న కదిలింది. అది కదిలినది మన హైదరాబాద్‌లోని లింగంపల్లి స్టేషన్ నుండి, జార్ఖండ్‌లోని హటియాకు. ఒక చేత్తో తన నేతగాండ్లను సూరత్‌కు పంపిన తెలంగాణ మరొక చేత్తో జార్ఖండ్ తాపీ కూలీలకు ఆశ్రయమిస్తున్నది. సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మిక మంత్రి గంగ్వార్ ఇచ్చిన సమాధానంలో కోటీ నాలుగు లక్షల మందికి పైగా స్వస్థలాలకు వెళ్ళినట్లు ఉన్నది. దారిలో ఎందరు మరణించారన్న ప్రశ్నకు మాత్రం అట్టి వివరాలు లేవని, కనుక పరిహారం ప్రశ్న తలెత్తదని సమాధానం. ప్రశ్నోత్తరాల సమయమే రద్దయిన సమావేశాలవి. అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం సభ్యులకు లేకపోయింది.

చట్టాల సంగతి చూస్తే, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒరిస్సాలో “దాదన్” పేరుతో సాగిన కూలీల రవాణాలోని అక్రమాలే అందుకు ప్రేరణ. అయిదుగురు అంతకు మించి కూలీలను పెట్టుకున్న కాంట్రాక్టరు వారికి ప్రయాణ ఖర్చు, నెల జీతంలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది, స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలని అందులో ఉన్నది. బావమరిది వెంట వచ్చిన నేతగాడికి కాంట్రాక్టరే లేడు. కనుక అతడు ఆ చట్టానికి కనపడలేదు. 2020లో చేసి, 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకున్నది. తనంతట తాను వచ్చినవాడిని కూడా వలస కార్మికుడుగా గుర్తించడం అందులో మెచ్చదగిన మార్పు. అయితే స్థానభ్రంశ భత్యం జారిపోయింది. అయిదు కాస్తా పది అయింది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ నిర్వచనానికి పదిమంది కార్మికులు చాలుననే నియమం ఇరవైకి పెరిగింది. ఒకే షెడ్డులోని మగ్గాలు కాగితం మీద నలుగురి పేర్ల మీద ఉండటం సూరత్‌లో రహస్యమేమీ కాదు. ఆ షెడ్డులో ఈ కొత్త కోడ్ ఎవరికి పనికివస్తుందో ఊహించుకోవచ్చు.

ఓటు మాట సరేసరి. ఖటోదరా, ఉధనా, లింబాయత్ ప్రాంతాలు నవసారి లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. అక్కడి సభ్యుడు, కేంద్ర జలశక్తి మంత్రి సి. ఆర్. పాటిల్ స్వయంగా మహారాష్ట్రలోని జలగావ్ జిల్లాలో పుట్టి సూరత్‌లో స్థిరపడినవారు. వలస వచ్చినవాడు ఆ ఊళ్ళో ఎంత ఎత్తుకు ఎదగవచ్చునో చెప్పడానికి ఇది చాలు. పక్కనే ఉన్న సూరత్ నియోజకవర్గంలో 2024లో కాంగ్రెసు అభ్యర్థి నామినేషను చెల్లక, మిగిలినవారు ఉపసంహరించుకోగా, బి.జె.పి. అభ్యర్థి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అక్కడ కార్డు ఉన్నవారికీ బూతు లేకపోయింది! ఇక ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణకు 2025 అక్టోబరులో ప్రకటించిన రెండవ దశలో గుజరాత్‌ను చేర్చింది. 2002 నాటి జాబితాలో తన పేరో, తల్లిదండ్రుల పేరో చూపమంటారు. ఆ ఏట తండ్రి పేరు పరకాలలో, కొడుకు పేరు ఎక్కడా లేక, కోడలి పేరు జనగామలో ఉన్న కుటుంబం ఏ కాగితాలు పట్టుకుని తిరగాలో చెప్పడం ఢిల్లీలో కూర్చున్నవారికి తేలికే.

ఇప్పుడు వారిని వెనక్కు రప్పించే మాటకు వద్దాం. 1934లో నిజాం వరంగల్లులో స్థాపించిన ఆజంజాహీ మిల్లును 1974లో జాతీయ జౌళి సంస్థ తీసుకున్నది, 2002లో మూసివేసింది. ఆ మిల్లు లేని లోటు తీరుస్తామంటూ 2017 అక్టోబరు 22న కాకతీయ మెగా జౌళి పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖర రావు శంకుస్థాపన చేశారు. సూరత్, భివండి, షోలాపూర్‌లకు పోయిన మన నేతగాండ్లు ఇక తిరిగి వస్తారని ప్రకటించారు. ఆశయం మంచిదే. సరిగ్గా దానికి నెల ముందు జరిగినది కూడా గుర్తు చేసుకోవాలి. సిరిసిల్ల మగ్గాలకు పని కల్పించడానికి తలపెట్టిన బతుకమ్మ చీరల పథకంలో మొదటి ఏట సిరిసిల్ల గడువులోగా అన్ని చీరలు నేయలేకపోయింది. కొంత భాగం సూరత్ నుండి కొనవలసి వచ్చింది. నాణ్యత లేదని కొన్ని చోట్ల స్త్రీలు వాటిని తగులబెట్టారు కూడా. ఆ చీరలు నేసిన మగ్గాల మీద తెలంగాణ చేతులు లేవని ఎవరూ ప్రమాణం చేయలేరు. సిరిసిల్లలో మరమగ్గాన్ని “సాంచ” అంటారు. ఆ మాట మరాఠీ, గుజరాతీ సీమల నుండి వచ్చినది. మాట వచ్చినంత సులువుగా మనిషి రాలేదు.

2023 మార్చిలో కేంద్రం “పి.ఎం. మిత్ర” పేరిట ఏడు జౌళి పార్కులను ప్రకటించినప్పుడు వాటిలో ఒకటి వరంగల్లుకు దక్కింది. మరొకటి ఎక్కడనుకున్నారు? నవసారి. సూరత్‌కు ఆనుకుని ఉన్న జిల్లా. ఒకే పథకం, ఒకే 4,445 కోట్ల రూపాయల మూట. వరంగల్లు పార్కు సూరత్ నుండి మనుషులను లాగాలని చూస్తుంటే, నవసారి పార్కు ఆ మనుషులను అక్కడే పట్టి ఉంచుతుంది. దీనిని ప్రాంతీయ సమతౌల్యమని అధికారులు చెబుతారు. కాదనలేం. అయితే సూరత్‌లో దారం, అద్దకం, అమ్మకం, అప్పు, అన్నీ ఒక మైలు దూరంలో దొరుకుతాయి. పార్కులో దొరికేది స్థలం, రోడ్డు, రాయితీ.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. వరంగల్లు పార్కుకు వచ్చిన పరిశ్రమలలో చెప్పుకోదగినవి పిల్లల దుస్తులు కుట్టే కేరళ సంస్థ కైటెక్స్, ప్లాస్టిక్ సీసాల నుండి దారం తీసే గణేశా, కొరియా దేశపు యంగ్‌వన్. కుట్టుపనికి వారికి కావలసినది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ యువతులు. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు అది మేలే, వారిలో కొందరైనా హైదరాబాద్ పోకుండా ఆగుతారు. కాని ఖటోదరాలో ముప్ఫై ఏళ్ళు పాత నాడె మగ్గం తోలి, చెవులు సగం వినపడక, యాభై దాటిన మనిషికి ఆ పార్కులో పని ఏది? పైగా సూరత్‌లోనే నీటిధారతో నేసే కొత్త యంత్రాలు వచ్చి పాత మగ్గాలు తుక్కు కింద పోతున్నాయి. కొత్త యంత్రాలను చూసుకోవడానికి మునుపటి కంటె తక్కువమంది చాలు. ఊళ్ళో ఒకసారి తండ్రి కాలంలో జరిగినది, సూరత్‌లో కొడుకు కాలంలో మళ్ళీ మొదలైంది.

టీ దుకాణం దగ్గరి పెద్దమనిషిని ఈ పార్కును గురించి కూడా అడిగాను. ఆయనకు తెలుసు, పత్రికలో చదివాడు. “మంచిదే సారూ. మా మనుమడు గుజరాతీల లెక్కలు చదువుతడు. ఆడు ఆడికొచ్చి ఏం జేస్తడు? నాకైతే ఇంటి జాగ ఉంది, తమ్ముడు కలుపుకున్నడు” అన్నాడు. ఈ చివరి మాట ఏ జౌళి విధానంలోనూ కనపడదు. తిరిగి రావడానికి పని ఒక్కటే చాలదు, ఊళ్ళో విడిచి వెళ్ళిన చోటు ఖాళీగా ఉండాలి. ముప్ఫై ఏళ్ళలో అది ఖాళీగా ఉండదు. ఖటోదరాలో పుట్టిన మనుమడు 2027 జనగణన ఫారంలో వలసదారు కాడు, పుట్టినచోటే ఉన్నవాడు. మాతృభాష గడిలో మాత్రం తెలుగు రాస్తారు, అదీ ఇంట్లో పెద్దలు జవాబు చెబితే.

పార్కుల ప్రగతి మీద జౌళి శాఖ పార్లమెంటులో ఇచ్చే సమాధానాలలో ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎందరికి ఉపాధి లభించగలదు అనే వివరాలుంటాయి. వరంగల్లు పార్కులో పనికి చేరినవారిలో సూరత్, భివండి, షోలాపూర్‌ల నుండి తిరిగి వచ్చినవారు ఎందరు అనే ఒక్క అంకె చెప్పమని తెలంగాణ సభ్యులలో ఎవరైనా చుక్కగుర్తు ప్రశ్న వేస్తే బాగుంటుంది. చుక్కగుర్తు ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు సిద్ధపడి రావాలి.